ముందుగా చెప్పిన సాక్ష్యం

తడ, పులికాట్ ఒడ్డు
7 జనవరి 2024

దయానందూ,

మేం బాగున్నాం, మీరూ బాగున్నారని తలుస్తాను అని రాయడం నాకు అలవాటు. ఈసారి రాయను. నాకు కోపంగా ఉంది. క్రిస్మస్‌కి ఇద్దరూ వస్తామన్నారు. పండుగ పొద్దున ఆరాధన కాగానే చర్చి నుంచి నేరుగా బస్సులు ఆగే చోటికి పోయి నిలబడ్డాను, పట్టుచీర మీదే. ఎండ నెత్తికెక్కాక మీ బావ జోయల్ వచ్చి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు.

నాకు ఫోన్ చేశానని తరవాత ఆయనతో అన్నావట. చేస్తే నాకేం లాభం? జ్వరం నా చెవులు తీసుకుపోయిన నాటి నుంచి ఫోన్లో గుయ్యిమనే మోత తప్ప మాట వినపడదని నీకు తెలుసు. ఎదురుగా ఉంటే పెదవులు చూసి ఎట్లాగో గ్రహిస్తాను. దూరాన ఉన్నవాళ్ళు నాకు ఉత్తరం రాయాల్సిందే.

డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి ఆరాధనలో ఎప్పటిలాగే సాక్ష్యాలు చెప్పారు. ఏడాదిలో దేవుడు ఎవరికి ఏం మేలు చేశాడో లేచి నిలబడి చెప్పాలి కదా. నేను లేవలేదు. తమ్ముడు పండక్కి రాలేదన్నది సాక్ష్యం కాదు, చాడీ అవుతుంది. తరవాత పళ్ళెంలో వాగ్దాన కార్డులు తెచ్చారు, కొత్త ఏడాదికి ఒక్కొక్కరికి ఒక్కో బైబిలు వాక్యం. మా ఇద్దరికీ తీశాక మీ ఇద్దరికీ కూడా నేనే తీశాను. అమల కార్డు మీద నీళ్ళ పక్కన గొర్రెపిల్ల బొమ్మ ఉంది. రెండూ ఇందులో పెట్టాను.

ఎండు రొయ్యలు చిత్తూరు వచ్చే మనిషి చేతికి ఇస్తున్నాను. నీ ఉత్తరాల కింద అమల ఎప్పుడూ రెండు ముక్కలు రాసేది. పోయినసారి అదీ లేదు. మీరిద్దరూ పోట్లాడుకున్నారా? తప్పు నీదే అయి ఉంటుంది.

అక్క
కృపారాణి


చిత్తూరు
28 జనవరి 2024

అక్కకు దయానంద్ వందనాలు.

నీ కోపమూ, ఎండు రొయ్యల పొట్లమూ ఒకేరోజు అందాయి. రెండింటి ఘాటూ వీధి చివరిదాకా పోయింది. అమల పొట్లం ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. తరవాత పక్కింటి దేవకమ్మకు ఇచ్చేశాం. ఎందుకిచ్చామో రాయాలంటే, ఇన్నాళ్ళూ రాయనిది రాయాలి.

నవంబరులో అమలకి కాళ్ళు వాచాయి. నిలబడి పనిచేసి వాచాయనుకున్నాం. తరవాత మొహం వాచింది. అన్నం చూస్తే వాంతి. పెద్దాసుపత్రిలో పరీక్షలు చేసి, రెండు కిడ్నీలూ పాడైపోయాయన్నారు. ఇప్పుడు సోమవారం, గురువారం డయాలసిస్. చేతికి సూదులు గుచ్చి, ఒంట్లో రక్తమంతా మిషన్లోకి తీసి, శుభ్రం చేసి మళ్ళీ ఎక్కిస్తారు. ఇంటికొచ్చాక పిండిన బట్టలా పడి ఉంటుంది. ఉప్పు తినకూడదు. నీళ్ళు కూడా గొంతు తడుపుకునేంతే. క్రిస్మస్ రోజు సోమవారం పడింది అక్కా. అందుకే రాలేదు.

డయాలసిస్‌కి డబ్బు తీసుకోరు. సూదిమందులకీ పరీక్షలకీ మాత్రం చేతి డబ్బు వదులుతుంది. వారంలో రెండు రోజులు నేను ఆసుపత్రిలో ఉంటే మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఎవరు ఊరుకుంటారు? వేరే మనిషిని పెట్టుకున్నారు. వాళ్ళది తప్పని అనను. మా చర్చి సంఘం వాళ్ళు మాత్రం చాలా ఆదుకుంటున్నారు. సంఘం ఆటోలో తీసుకుపోయి తీసుకొస్తారు. పాస్టరుగారు ఆదివారం కానుకల్లో మాకూ కొంత తీసిపెడుతున్నారు. కాబట్టి నువ్వు కంగారు పడొద్దు.

అమల నీ కార్డు దిండు కింద పెట్టుకుంది. "వదినకు సెప్పు, గొర్రెపిల్లకి ఎంత కావాలంటే అంత నీళ్ళు ఉండాయి, నాకే లేవు" అని నవ్వింది. రాయమంటే చెయ్యి నొప్పి అంది.

తమ్ముడు
దయానంద్


తడ
9 ఫిబ్రవరి 2024

దయా,

నీ ఉత్తరం మీ బావ చదివి నాకిచ్చి బయటికి పోయాడు. పడవ దగ్గర కూర్చున్నాడు. నేను చదివి పొయ్యి ఆర్పేశాను. నవంబరు నుంచి అంటావు. మూడు నెలలు నా దగ్గర దాచావు. పైగా నేను ఉప్పు పట్టించిన రొయ్యలు పంపి, పోట్లాడుకున్నారా అని ఎగతాళి రాశాను. నా చేతులు విరగ.

నిన్ను తరవాత తిడతాను. ముందు అమల సంగతి. ఆ పిల్ల మిషన్ హాస్టల్లో పెరిగింది. తల్లి లేదు, తోబుట్టువు లేదు. పెళ్ళిలో ఆమె తరఫున నిలబడ్డది హాస్టల్ వార్డెనమ్మ ఒక్కతే. ఆరోజే ఈమెకు నేనున్నాననుకున్నాను. ఈరోజు వరకు ఏం చేశానో నాకే తెలియదు.

మీ బావా నేనూ మాట్లాడుకున్నాం. పడవ అమ్మేస్తాం. సూళ్ళూరుపేట నుంచి వచ్చి చూసిపోయారు, వలలతో సహా తీసుకుంటామన్నారు. ఇంజను కొత్తది కాబట్టి మంచి ధరే వస్తుంది. ఆయన వేరేవాళ్ళ పడవలో కూలికి పోతాడు. "సెరువు యాడికీ పోదు, పడవ పోతే మళ్ళా కొంటాం" అన్నాడు. ఇక్కడ అందరూ పులికాట్‌ని చెరువనే అంటారు. ఈస్టరు కాగానే డబ్బు తీసుకుని నేనే వస్తాను. అమలని మద్రాసులో పెద్ద డాక్టరుకి చూపిద్దాం.

శుక్రవారాలు ఉపవాసం పెట్టుకున్నాను. అమలకి తగ్గితే అందరి ముందూ లేచి సాక్ష్యం చెబుతానని మొక్కుకున్నాను. అంతమందిలో నోరు తెరవాలంటే నాకెంత భయమో నీకు తెలుసు. నా గొంతు ఎంత గట్టిగా వస్తోందో నాకే తెలియదు, పిల్లలు నవ్వుతారు. అయినా చెబుతాను.

అక్క


చిత్తూరు
18 మార్చి 2024

అక్కకు,

పడవ అమ్మొద్దు. ఇది చదవగానే బావకి చెప్పు, బయానా తీసుకుని ఉంటే తిరిగిచ్చేయమను.

అవసరం తీరిపోయింది. అమలకి తగ్గింది. పోయిన వారం డాక్టరు పరీక్షలు చూసి, కిడ్నీలు మళ్ళీ పనిలోకి వచ్చాయన్నాడు. కొందరికి అట్లా జరుగుతుందట. ఇంక డయాలసిస్ అక్కర్లేదు, మాత్రలు చాలన్నాడు. మొహంలో వాపు పోయింది. నిన్న ఒక దోసె పూర్తిగా తినింది.

నలభై ఏళ్ళు చెరువు మీద తిరిగిన బావ ఈ వయసులో ఇంకొకడి పడవలో కూలికి కూర్చోవడం నేను చూడలేను. ఇంక ఆ మాట ఎత్తొద్దు. నువ్విప్పుడు రానూ అక్కర్లేదు. ఎండలు ముదిరాయి. వానలు పడ్డాక మేమే వస్తాం.

తమ్ముడు
దయానంద్


తడ
3 ఏప్రిల్ 2024

నాయనా దయా,

ఈ ఉత్తరం తడిసినట్టుంటే అది చెమటే అనుకో. నాలుగు రోజులుగా ఎవరు పలకరించినా కళ్ళ నీళ్ళే వస్తున్నాయి.

నీ మాట అందినరోజు మీ బావ పడవ చుట్టూ రెండుసార్లు తిరిగి, దాని మీద చెయ్యేసి నిలబడ్డాడు. అమ్మకం మానుకున్నాం. ఆ సంతోషంలోనే ఈస్టరు వచ్చింది. మా సంఘం ఈస్టరు ఆరాధన తెల్లవారుజామున చెరువు గట్టునే చేస్తుంది కదా. పొద్దు పొడిచే వేళ పాస్టరుగారు సాక్ష్యాలున్నవాళ్ళు రండి అని చెయ్యి ఊపారు. నేను లేచాను. కాళ్ళు వణికాయి. మా మరదలు పేరు అమల, ఆమె రెండు కిడ్నీలూ పోతే మిషన్ మీద బతికింది, ఈరోజు దేవుడు ఆమెను బాగుచేశాడు, మిషన్ లేదు, సూది లేదు అని చెప్పాను. అరిచానట. కొంగలు లేచిపోయాయని మీ బావ వెక్కిరిస్తున్నాడు. పిల్లలెవరూ నవ్వలేదు దయా, ఆడవాళ్ళంతా ఏడ్చారు. పాస్టరుగారి అబ్బాయి రూపేష్ ఫోన్లో వీడియో తీశాడు, అది చాలా ఊళ్ళకి పోయిందట. ఆ మధ్యాహ్నం గట్టు మీద అందరికీ చేపల పులుసు పెట్టాం.

ఇది అమలకి చదివి వినిపించు. అమలా, ఆ ఆసుపత్రి గడప నువ్వు మళ్ళీ తొక్కకూడదు. ఆ మిషన్ మొహం మళ్ళీ చూడకూడదు. దేవుడు చేసిన దాన్ని అనుమానించకు. నీ వదిన అందరి ముందూ చెప్పింది, గుర్తుపెట్టుకో.

ఇప్పుడైనా రొయ్యలు పంపనా?

అక్క


చిత్తూరు
2 మే 2024

అక్కకు,

వీడియో మా దాకా వచ్చింది. మొదట సంఘంలో ఎవరికో, తరవాత పాస్టరుగారికి, ఆయన దగ్గర్నుంచి అందరికీ. ఆదివారం ఆరాధనలో చూపించారు. ఆడవాళ్ళు కేకు తెచ్చి అమలకి తినిపించారు.

నువ్వు చెప్పేముందు నన్నొక మాట అడిగి ఉండాల్సింది అక్కా. ఇట్లాంటివి కొన్నాళ్ళు చూసుకుని చెప్పుకోవాలి. అంతమందిలో అంత గట్టిగా చెప్పడం ఎందుకు? నాకు ఏం చేయాలో పాలుపోలేదు.

ఫ్యాక్టరీలో తోతాపురి మామిడి సీజను మొదలవుతోంది. మనుషులు చాలక నన్ను మళ్ళీ పిలిచారు, రాత్రి షిఫ్టు. పగలు నిద్ర. ఉత్తరాలు ఆలస్యమైతే అనుకోవద్దు. ఇక్కడ కింద అమల రాస్తుందట.

దయానంద్

వదినా, వీడియో చూసినాను. ఇప్పటికీ చూస్తా ఉండాను. ఈయన పనికి పోయినాక మళ్ళా పెట్టుకుంటాను. నా పేరు అట్ల ఎత్తి, నాకోసం అట్ల ఏడ్సినోళ్ళు ఎవురూ లేరు. నీ మాట నేను పోనీను. — అమల


తడ
14 మే 2024

దయానంద్,

నీ ఉత్తరం చదివాను. అంతమందిలో అంత గట్టిగా ఎందుకన్నావు. నాకు అర్థమైంది. చెవిటి అక్క గట్టు మీద నిలబడి అరిచిన వీడియో మీ పట్నం సంఘంలో అందరూ చూశారు, నీకు తలవంపులైంది. మొదటినుంచీ నీకు నా గొంతంటే సిగ్గే. ఇంటర్ చదివేటప్పుడు నేను కాలేజీ దగ్గరికి వస్తే గేటు బయటే నిలబెట్టి మాట్లాడి పంపేసేవాడివి.

నా మొక్కు నేను తీర్చుకున్నాను. దానికి నీ సెలవు అక్కర్లేదు. అమల రాసిన నాలుగు ముక్కలు చాలు నాకు.

ఇకమీదట నీకు తలవంపులు తెచ్చేంత గట్టిగా ఏమీ రాయను. నీకు తీరికైనప్పుడు రాయి.

కృపారాణి


తడ
20 అక్టోబరు 2024

దయా,

నువ్వు రాయలేదు, నేనూ రాయలేదు. అయిదు నెలలు. ఆఖరికి మీ బావ ఫోనుకి అమల పోయిందని వార్త వచ్చింది.

సమాధి దగ్గర నిన్ను పట్టుకుని ఎన్నోసార్లు అడిగాను, ఏమైందిరా అని. నువ్వు తల కిందికి వేసుకునే ఉన్నావు. పెదవులు కనపడకపోతే నాకేం తెలుస్తుంది? మాట్లాడావో లేదో కూడా తెలియదు. చుట్టూ అందరూ ఏదో చెప్పుకుంటున్నారు. ఒకామె నన్ను చూసి పక్కామె చెవిలో ఏదో అంది. మీ బావని అడిగితే "ఊపిరితిత్తుల్లో నీరు సేరినాదంట" అన్నాడు. అంతకంటే ఆయనకీ తెలియదు.

పెట్టెలో అమల మొహం ఎంత ఉబ్బి ఉందో చూశాను. మార్చిలో వాపు పోయిందని రాశావు.

రాత్రిళ్ళు ఇదే ఆలోచన. శుభ్రంగా తగ్గిన మనిషి ఎట్లా పోయింది? నేను ముందుగా చెప్పినందుకా? నా నోట్లో ఏమైనా దోషం ఉందా? కోపం పెట్టుకుని ఉత్తరం మానేసినందుకు దేవుడు నాకు వేసిన శిక్షా ఇది? ఇక్కడి ఆడవాళ్ళు ఏమీ అనరు, అదే కష్టంగా ఉంది. ఏడాది ఆఖరు వస్తోంది. ముప్పై ఒకటి రాత్రి సాక్ష్యాలప్పుడు అందరూ నా వైపు చూస్తారు. ఏమని చెప్పాలి? నువ్వే చెప్పు.

అక్క


చిత్తూరు
11 నవంబరు 2024

అక్కా,

నీ నోట్లో ఏ దోషమూ లేదు. దోషమంతా నా చేతిలో ఉంది. ఇదే చేతితో మార్చిలో నీకు రాశాను.

అమలకి తగ్గలేదు. ఒక్కరోజు కూడా తగ్గలేదు. డాక్టరు ఆ మాట అననే లేదు. బావ పడవ పోకూడదని రాశాను. నువ్వు మద్రాసంటే, అక్కడా ఇదే మిషన్, ఇవే సూదులు, పడవ పోయి ఏమీ రాదని నాకు తెలుసు. తగ్గలేదంటే నువ్వు వినవు. అందుకని తగ్గిందన్నాను. ఒక ఉత్తరంతో పోయే అబద్ధమే కదా అనుకున్నాను. నీ మొక్కు సంగతి చదివి కూడా, అది నువ్వు అట్లా తీరుస్తావని ఆలోచించలేదు.

వీడియో వచ్చినరోజు పాస్టరుగారు పరుగున ఇంటికొచ్చారు. "ఇంత సంతోషం మాకు సెప్పకుండా దాసిపెట్టినావే అప్పా" అని నన్ను వాటేసుకున్నారు. కాదని చెప్పాలని నోరు తెరిచాను. చెబితే నువ్వు రెండు సంఘాల ముందు అబద్ధికురాలివవుతావు. తెరిచిన నోరు మూసుకున్నాను. మంచిమనిషి, ఆయన తప్పేం లేదు. తగ్గిందన్న మనిషికి ఆటో ఎందుకు పంపుతారు? ఆటో ఆగింది, కానుకా ఆగింది. దానికి నేను బాధపడలేదు, సీజను పని దొరికింది. "నువ్వు పనికి పో, నేను బస్సులో పోయొస్తాను" అంది అమల. అన్నం మూటా, దుప్పటీ సంచిలో పెట్టుకుని పొద్దున్నే బయలుదేరేది. నేను షిఫ్టు నుంచి వచ్చి నిద్రపోయేవాణ్ణి. సాయంత్రానికి వచ్చేది. సీజనయ్యాక కూడా అక్కడే ప్యాకింగులో ఉండమన్నారు, ఉన్నాను.

గురువారాలు అదే వార్డుకి మా సంఘంలోని చంద్రకాంతమ్మ భర్తని తీసుకొస్తుంది. ఒకరోజు అమలని మిషన్ పక్కన చూసి, "నీకు తగ్గిపోయినాదని సెప్పినారే, మళ్ళా ఈడికి ఎందుకొచ్చినావు బిడ్డా?" అని అడిగిందట. పాపం, మామూలుగానే అడిగింది. అమల ఊరికే చూడ్డానికొచ్చానని చెప్పి, సూదులు పెట్టకముందే లేచి వచ్చేసింది. ఆ తరవాత గురువారాలు పోలేదు. కొన్నాళ్ళకి సోమవారాలు కూడా కొన్ని మానేసింది. ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేస్తే ఊళ్ళో లేనని చెప్పేదట. సంచి తీసుకుని పోయి సాయంత్రం దాకా బస్టాండులో కూర్చునేది. తిరుపతి బస్సులూ వేలూరు బస్సులూ చూస్తూ.

అప్పుడు నాకు ఇదేదీ తెలియదు. వాపు చూశాను. నీళ్ళు ఎక్కువ తాగుతున్నావని తిట్టాను. తిట్టాను అక్కా.

సెప్టెంబరు చివర్లో ఊపిరి అందలేదు. తిరుపతి తీసుకుపోయాను. అక్కడ డాక్టరు, డయాలసిస్ ఎందుకు మానేశారని అడిగాడు. మానలేదని వాదించాను. అప్పుడు అమల నా చొక్కా పట్టుకుని లాగింది. ముక్కుకి గొట్టం పెట్టి ఉంది. ఆగి ఆగి చెప్పింది. "హాస్టల్లో ఆదివారం అందురికీ ఎవురో ఒగురు వస్తా ఉండ్రి. నన్ను సూసేదానికి ఎవురూ రాలేదు. వదిన నాకోసం అంతమందిలో లేసి నిలబడినాది. నేను ఆ మిషన్ మీద పండుకుంటే ఆమె మాట ఏమైతాది?" అంది. వదినకి చెప్పొద్దని ఒట్టేయించుకుంది. ఒట్టు వేశాను. ఇప్పుడు తీసేస్తున్నాను. అబద్ధంతో ఒకరు పోయారు, ఇంక చాలు.

నీకు కూడా ఆమె ఇష్టమే. నన్ను ఏమైనా అను.

దయానంద్


తడ
8 డిసెంబరు 2024

దయానంద్,

నీకు జవాబు రాయడానికి చాలా కాగితాలు చింపాను.

ఆ ఏప్రిల్ ఉత్తరం నేను మరిచిపోలేదు. గడప తొక్కకూడదు, మిషన్ మొహం చూడకూడదు అని రాసింది నేను. అందరూ దీవించేటప్పుడు అనే మాటే అది. నువ్వు చదివి వినిపించావు కదా? వినిపించే ఉంటావు. నేను వినిపించమన్నాను.

నన్ను అబద్ధికురాలిని చేయకూడదని నువ్వు నోరు మూసుకున్నావు. నా మాట పోనీయకూడదని ఆమె బస్టాండులో కూర్చుంది. మీకెవరు చెప్పార్రా నా మాట అంత గొప్పదని? నేనెంతటి దాన్ని? ఒక్క ఉత్తరం రాసి ఉంటే నేను మొదటి బస్సుకి వచ్చి, చిత్తూరు నడివీధిలో నిలబడి, తగ్గలేదు, నేను తెలియక చెప్పాను అని అరిచేదాన్ని. నాకు అరవడం తప్ప ఇంకేం వచ్చు?

మీ బావకి చదివి చెప్పాను. ఆ పడవ ఎక్కి పోవడానికి రెండు రోజులు మనసొప్పలేదు ఆయనకి. మూడోరోజు పోయాడు, తినాలి కదా.

ముప్పై ఒకటో తేదీకి నువ్వు రావాలి. నేను లేచి నా సాక్ష్యం వెనక్కి తీసుకుంటాను. నువ్వు పక్కన ఉండు. నిన్ను క్షమించానో లేదో నాకింకా తెలియదు. రా.

అక్క


చిత్తూరు
8 జనవరి 2025

అక్కకు,

క్షేమంగా చేరాను. నువ్వు బస్సు దగ్గర మళ్ళీ అడిగావు, ఆ రాత్రి అందరి ముందూ ఏం చెప్పావురా, అందరూ ఎందుకు ఏడ్చారు అని. బస్సు కదులుతోంది, రాసి పంపుతానన్నాను. నువ్వు నా వెనక వరసలో ఉన్నావు, నా పెదవులు నీకు కనపడలేదని నాకు తెలుసు. నువ్వు లేవబోతుంటే నేనే ముందు లేచాను. నువ్వు చొక్కా పట్టి లాగినా కూర్చోలేదు. గుర్తున్నంత వరకు రాస్తాను.

నేను ఇట్లా చెప్పాను.

"నా పేరు దయానంద్. కృపారాణి తమ్ముణ్ణి. మాది చిత్తూరు. పోయిన ఏడాది నుంచి మాకు కష్టంగా గడిచినాది. నా భార్యకి జబ్బు చేసినాది, నాకు పని పోయినాది. మా సంఘమోళ్ళు ఆటో పెట్టినారు, అన్నం పెట్టినారు. మా బావ తన పడవ అమ్మి ఇస్తానన్నాడు. మేలు చేసినోళ్ళు ఇంతమంది ఉండారు. నాకు తక్కువైంది మేలు కాదు.

"ఈస్టరు రోజు మా అక్క ఈ సంఘంలో ఒక సాక్ష్యం చెప్పినాది. అది నిజం కాదు. కానీ మా అక్క అబద్ధం చెప్పలేదు. నేను రాసినదాన్ని నమ్మి చెప్పినాది. నా భార్యకి తగ్గలేదు. తగ్గిందని నేను రాసినాను. ఆ మాట పోకూడదని ఆమె వైద్యం మానుకుని సచ్చిపోయినాది. మీలో ఎవురికైనా జబ్బుండాదంటే ఉండాదని చెప్పండి. తగ్గలేదంటే తగ్గలేదని చెప్పండి. ఇంట్లోవాళ్ళకి చెప్పండి. దేవుడు దానికి కోపం చేసుకోడు.

"ఏడాదిలో జరిగిన మేలు చెప్పమంటారు. నాకొకటే ఉండాది. నా భార్య పేరు అమల. ఎవురూ లేని పిల్లని ఒక మనిషి తనదని చెప్పి, వినపడని చెవులతో, వణికే కాళ్ళతో మీ అందరి ముందూ నిలబడినాది. అది ఆమె సావుకి దారితీసినాది. అయినా సచ్చిపోయే ముందురోజు కూడా ఆమె ఆ వీడియో పెట్టమని అడిగినాది. పెట్టినాను."

ఇంతే. తరవాత కొత్త ఏడాది గంట కొట్టారు. నువ్వు లేచి నిలబడ్డావు గానీ పాస్టరుగారు నీ భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టారు. నువ్వు చెప్పాల్సింది ఏమీ మిగల్లేదనే ఆయన అట్లా చేశారు, నిన్ను ఆపడానికి కాదు. మళ్ళీ తప్పుగా అనుకుంటావేమో అని రాస్తున్నాను.

ఇక్కడి సంఘంలో కూడా పోయిన ఆదివారం ఇదే చెప్పాను. చంద్రకాంతమ్మ గుండెలు బాదుకుంది. ఆమె తప్పు లేదని చెప్పడానికి రెండుసార్లు వాళ్ళింటికి పోయాను.

తమ్ముడు
దయానంద్


తడ
19 జనవరి 2025

దయా,

నీ ఉత్తరం మీ బావ ఎదురుగా కూర్చుని నాకు చదివి చెప్పబోయాడు. వద్దని లాక్కుని నేనే చదువుకున్నాను.

నీకొక సంగతి చెప్పలేదు. ఆ రాత్రి కార్డుల పళ్ళెం వచ్చినప్పుడు నాకూ, మీ బావకూ, నీకూ తీసి, చెయ్యి మళ్ళీ పళ్ళెంలో పెట్టాను. నాలుగోది పట్టుకున్నాక గుర్తొచ్చింది. వెనక్కి వేయడానికి చేతులు రాలేదు. ఎవరికిద్దామా అని చూసి, ఎవరికీ ఇవ్వలేదు. నా దగ్గరే ఉంది.

క్షమించడం గురించి అడగొద్దు. కొన్నిరోజులు క్షమించినట్టే ఉంటుంది, కొన్నిరోజులు లేదు. నన్ను నేను అంతకంటే తక్కువ క్షమించాను. కానీ నాకు తోడబుట్టినవాడివి నువ్వొక్కడివే.

ఒకటే షరతు పెడుతున్నాను. ఇకమీదట నాకు రాసే ఉత్తరంలో బాగున్నానని ఊరికే రాయకు. ఉంటేనే రాయి. లేకపోతే లేదని రాయి. నేను తట్టుకోలేనని నువ్వు నిర్ణయించొద్దు.

అక్క


చిత్తూరు
2 ఫిబ్రవరి 2025

అక్కా,

బాగాలేదు.

సోమవారం పొద్దున ఇంకా నిద్ర లేచి ఆమె సంచి కోసం చూస్తున్నాను. నిండు గ్లాసు నీళ్ళు తాగలేకపోతున్నాను, సగం దాకా తాగి పెట్టేస్తున్నాను. ఫ్యాక్టరీలో ప్యాకింగు పని అయిపోయింది, ఈ ఏడాది సీజనుకి పిలుస్తారో లేదో తెలియదు. దేవకమ్మ రోజూ కూర ఇచ్చిపోతుంది, రెండు పూటలు తిన్నానని ఆమెతో అబద్ధం చెబుతున్నాను. నీతో చెప్పడం లేదు.

తడ నుంచి వచ్చి దిగినరోజు తరవాత మళ్ళీ బస్టాండు వైపు పోలేకపోతున్నాను. అందుకే నిన్ను చూడాలని ఉన్నా ఇన్నాళ్ళు బయలుదేరలేదు. శనివారం రైల్లో వస్తాను. నాతో ఏమీ మాట్లాడించొద్దు. నీకు ఎదురుగా కూర్చుంటాను, అన్నం పెట్టు.

దయానంద్